నీడపైరు

మా చిన్నాయన పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను ధర్మవరం స్టేషన్లో ప్లాట్‌ఫారం చివర రేకుల కింద నిలబడి ఉన్నాను. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని జరిగి జరిగి ఎండలోకి వచ్చేశాను. దుఃఖంతో వచ్చానని చుట్టుపక్కల వాళ్ళు అనుకుని ఉంటారు. అలవాటు కొద్దీ వచ్చాను. ఆయన మాట వినబడితే నీడలోంచి బయటికి రావడం మా ఇంట్లో అందరికీ ఉన్నదే. రాకపోతే దెబ్బ పడేది.

"మీ చిన్నాయన పోయినాడురా" అన్నాడు మా నాయన.

"యాడికి నాయనా? పోలీసు టేసనుకా, ఆస్పత్రికా?"

ఆయన ఊరు దాటి పోయాడంటే ఆ రెండిట్లో ఒకచోటికే. "రెండూ అయిపోయినాయిలే" అని మా నాయన ఫోను పెట్టేశాడు.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఆ లెక్కన ఇక్కడితో ఆపేసి మీ టైము నా టైము మిగల్చవచ్చు. మా చిన్నాయన మంచివాడే, దూరం నుంచి. ఆ దూరం ఆయన చేతికర్ర పొడవు కన్నా కొంచెం ఎక్కువ ఉండాలి, అంతే.

ఆయనకు జన్మలో ఒకే శత్రువు. గట్టు మీది చింతచెట్టు. సరిగా చెప్పాలంటే చెట్టు మీద కూడా ఆయనకు పెద్ద కోపం లేదు. దాని నీడ మీద.

పెనుకొండకూ ఎర్రమంచికీ మధ్య మా చేన్లు. అన్నదమ్ములు వేరుపడినప్పుడు ఊరి పెద్దమనుషులు భాగాలు చేయడానికి చేను దగ్గరికే వచ్చారు. వచ్చింది మిట్టమధ్యాహ్నం. ఎండ మండిపోతోంది కాబట్టి ఆ చింతచెట్టు కిందే కూర్చున్నారు. పడమటి చేను పెద్దోనికి, తూర్పు చేను చిన్నోనికి అన్నారు. బావి తలా ఒక దినం అన్నారు. నడుమ గట్టు మీది చెట్టు ఎవరికి అంటే, పడమర పక్క రాళ్ళు ఎక్కువ కదా, దానికి సరిగా చెట్టు పెద్దోనికే పోనీ అన్నారు. అందరూ తల ఊపారు. మిట్టమధ్యాహ్నం చెట్టు నీడ చెట్టు కిందే ఉంటుంది. దానికి కాళ్ళున్నాయని అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. సంగటి వేడిగా ఉందని కబురొస్తే లేచి పోయారు. పెద్దమనుషుల్లో ఒక్కరైనా సాయంత్రం టీ దాకా కూర్చుని ఉంటే మా రెండు ఇళ్ళలో ఇన్ని తలకాయలకు కుట్లు పడేవి కావు.

పొద్దు వాలేసరికి నీడ లేచి గట్టు దిగి తూర్పుకు నడిచింది. మా చిన్నాయన చేన్లో పావు వంతు దాకా పోయి పడుకుంది. పొద్దున పూట మా వైపూ పడుతుంది గానీ మా వైపు గట్టు పక్కన ఉన్నది బండరాళ్ళూ కళ్ళమూ. రాళ్ళకు నీడ పడినా పడకపోయినా దిగుబడి ఒకటే.

అట్లా చెట్టు మా నాయనదీ, దాని నీడ పడే మన్ను మా చిన్నాయనదీ అయింది. నీడ ఎవరిదో తేల్చకుండానే ఆ పెద్దమనుషులు ఒకరి తర్వాత ఒకరు చచ్చిపోయారు. తెలివైనవాళ్ళు.

చిన్నాయన వేసేది వేరుశనగ. చేనంతా ఒకేనాడు విత్తేవాడు, ఒకే విత్తనం, ఒకే ఎరువు. నెల తిరిగేసరికి చెట్టు కింది పట్టీ మిగతా చేనును దాటిపోయేది. ముదురాకుపచ్చ, వెడల్పాటి ఆకులు, మోకాళ్ళెత్తు. దారిన పోయేవాళ్ళు ఆగి "ఏమప్పా, ఆ గట్టు గెనిమ పక్క పైరుకు ఏం మందు కొట్టినావు, బలేగా ఉండాది" అనేవాళ్ళు. అన్నవాళ్ళు తర్వాత పరిగెత్తేవాళ్ళు. ఎందుకంటే అది వెలుతురు కోసం మెడ సాచి సాచి పెరిగిన పైరు. పూత అక్కడొకటి ఇక్కడొకటి. పూసిన పూవు నుంచి ఊడ దిగి మన్నులో దూరితేనే కాయ. అక్కడ కణుపులు పైపైకి పోయి ఊడలకు నేల అందేది కాదు. అందినవి లొట్టకాయలు. ఎండలో ఉన్న మిగతా చేను పొట్టిగా, కురచగా, మొహం మాడ్చుకుని ఉండేది. పీకితే గుత్తులు గుత్తులు కాయలు.

దీన్ని ఆయన ఒక్క మాటలో చెప్పేవాడు. "నీడపైరు. ఆకు ఎక్కువ, కాయ తక్కువ."

ఆ మాట ముందు మొక్కలకే వాడేవాడు. తర్వాత మనుషులకు పాకింది. నేను మా వంశంలో అందరికన్నా పొడుగు, అందరికన్నా సన్నం. ఎర్రమంచి పక్కన కార్లకు సీట్లు కుట్టే కంపెనీలో ఏసీ కింద ఉద్యోగం. ఇంక నాకు వేరే పేరు పెట్టే శ్రమ ఎవరూ తీసుకోలేదు.

ఆయన తల మీద టవలు వేసుకోగా నేను చూడలేదు. గొడుగు అంటే పాము అన్నట్టు చూసేవాడు. సాయంత్రమయ్యేసరికి చేతికర్ర తీసుకుని నీడ అంచు దగ్గర నిలబడి దాన్ని నిజంగానే కొట్టేవాడు. దుమ్ము లేచేది. నీడ లేచేది కాదు. ఆ నీడ యాడిదాకా వస్తుందో ఆడంతా సున్నం పూసిన రాళ్ళు పాతాడు, సర్వేవాళ్ళు పాతినట్టు. ఎండాకాలం, వానాకాలం నీడ జరుగుతుంది కాబట్టి రాళ్ళూ జరిగేవి. కొత్తగా చూసినవాళ్ళు ఎవరిదో సమాధి అనుకుని దండం పెట్టి పోయేవాళ్ళు.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆయన చేన్లో ఆ నీడలో మనిషి కూర్చోకూడదు. కలుపు తీయడానికి వచ్చిన కూలోళ్ళు మధ్యాహ్నం సద్ది విప్పుకునేది ఎండలోనే. "కూర్చుంటే అది మరిగి ఈడనే ఉండిపోతాది" అనేవాడు. నీడ గురించి అంటున్నాడో కూలోళ్ళ గురించి అంటున్నాడో తెలిసేది కాదు. మా చిన్నమ్మ కూడా అంతే. పెండ్లయి వచ్చినప్పటి నుంచి ఆమె ఆ చేన్లో సంగటి ముద్ద ఎండలో కూర్చునే మింగింది, కొంగు నెత్తిన వేసుకుని. ఆ కొంగు నీడకు ఆయన ఏమీ అనలేదు. అంతవరకు ప్రేమ ఉన్నట్టే.

ఇంటర్మీడియట్ దసరా సెలవుల్లో నాకు ఈ చట్టం సరిగా తెలియదు. చెట్టు మాది కదా అని పోయి చెట్టు మొదట్లో ఆనుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కాళ్ళు తూర్పుకు చాపాను. నడుము దాకా మా నాయన ఆస్తిలోనే ఉన్నాను. కాళ్ళు మాత్రం పొరుగు రాజ్యంలోకి పోయాయి. మొదటి దెబ్బ ఎక్కడి నుంచి వచ్చిందో పాట వల్ల వినబడలేదు. లేచి చూస్తే చిన్నాయన.

"యాడ కూసున్నావురా?"

"మా చెట్టు కింద చిన్నాయనా."

"చెట్టు మీది. పిర్రల కింద మన్ను ఎవనిది?"

"పిర్రలు కూడా మా మన్ను మీదే ఉండాయి. కాళ్ళు ఒకటే నీవి." కాళ్ళు నీవి అనడం పొరపాటు.

ఆయన వంగి గట్టు పక్క పైరులోంచి ఒక వేరుశనగ చెట్టు పీకాడు. పొడుగ్గా, పచ్చగా, పెండ్లిపందిరికి కట్టే ఆకుల మాదిరి ఉంది. దాంతో నా వీపు మీద వాయించాడు. ఆకులు రాలాయి, చల్లగా ఉంది.

"నొప్పి పుట్టిందా?"

"లేదు చిన్నాయనా."

"ఉండు." మెడ పట్టుకుని సున్నపురాళ్ళ అవతలికి, ఎండలోకి ఈడ్చుకుపోయాడు. అక్కడ ఇంకో చెట్టు పీకాడు. జానెడు కూడా లేదు. వేర్లకు గుత్తిగా కాయలు, కాయలకు ఎర్రమన్ను గడ్డలు. దాంతో అదే వీపు మీద అంతే బలంగా వాయించాడు.

నొప్పి పుట్టిందా అని అడగలేదు. నేను చెప్పకుండానే ఊరికి తెలిసింది.

"చూసినావా. ఇది పైరు. అది నీ అట్లాంటిది" అన్నాడు. ఊడిన కాయలు ఏరి, మట్టి దులిపి, నా జేబులో పోసి "తిను" అని పోయాడు. వ్యవసాయ శాస్త్రంలో నాకు జరిగిన చదువు అంతే. వీపు మీద రాసిచ్చిన సర్టిఫికెట్టు చాలా రోజులు ఉంది.

ధర్మవరంలో మా దూరపు చుట్టాల పెండ్లికి పోయినప్పుడు ఆయన పెండ్లికొడుకును ఎగాదిగా చూశాడు. పిల్లవాడు పట్టుపంచె కట్టుకుని తాటిచెట్టు మాదిరి ఉన్నాడు. చిన్నాయన మెల్లగా అనుకున్నాడు గానీ ఆయన మెల్లగా అంటే ఫంక్షన్ హాలంతా వినబడుతుంది. "నీడపైరు."

అర్థం తెలియనివాళ్ళకు పక్కవాళ్ళు చెప్పారు. ఆకు ఎక్కువ, కాయ తక్కువ అని పెండ్లికొడుకును అంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అవతలి వైపు ఒక పెద్దాయన చేయి కడుక్కుంటూ, తొందరపడకుండా అడిగాడు: "మా పిల్లోని సంగతి తర్వాత. నీకేమప్పా, కాయ యాడుండాది?"

చిన్నాయనకూ చిన్నమ్మకూ పిల్లలు లేరు.

నేను చిన్నమ్మ వైపు చూశాను. ఆమె విస్తరిలో అన్నం కలుపుతూనే ఉంది, కలిపిందే కలుపుతూ. చిన్నాయన ఒక ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి పెద్దాయన మీద విరగ్గొట్టాడు. తర్వాత ఇంకో కుర్చీ. తర్వాత చిన్నాయన మీద నాలుగు కుర్చీలు విరిగాయి. పప్పు బకెట్టు పెట్టిన బల్ల తిరగబడి అరటాకులన్నీ పసుపు పచ్చగా అయిపోయాయి. ఫోటోలు తీసే అతను మాత్రం ఒక్క క్షణం కూడా వదల్లేదు. ఆ పెండ్లి ఆల్బంలో తాళి కట్టే ఫోటో కన్నా మా చిన్నాయన ఫోటోలే బాగా వచ్చాయి.

వస్తూ బస్సులో ఆయన పెదవి పగిలి ఉంది. చిన్నమ్మ కొంగు తడిపి అద్దుతూ ఉంటే చెయ్యి తోసేశాడు. కాసేపయ్యాక ఆ చెయ్యినే పట్టుకుని పెనుకొండ దాకా వదల్లేదు. నిద్రపోయాడేమో అనుకున్నాను. పోలేదు.

మీరు అడగవచ్చు, ఒక కొమ్మ కొట్టేస్తే పోయేదానికి మా నాయన ఎందుకు ఒప్పుకోలేదని. మా నాయన వైపూ న్యాయం ఉంది. మా వైపు పైరు వాన పడితే వస్తుంది, పడకపోతే రాదు. చింతచెట్టు వాన పడ్డా పడకపోయినా కాస్తుంది. కాయ రాల్చి, గింజ తీసి, బుట్టలకెత్తి హిందూపురం మార్కెట్టుకు పోతే ఆ ఏడు గట్టెక్కినట్టే. ఆ తూర్పు కొమ్మే ఎక్కువ కాసేది. "మా యవ్వ నాటిన చెట్టు, వాని శెనక్కాయ కోసం కుంటిదాన్ని చెయ్యాల్నా?" అనేవాడు నాయన. తాను నాటానని ఆ అవ్వ ఎప్పుడూ అనలేదు. కాకి నాటింది.

ఒక సాయంత్రం చిన్నాయన మచ్చుకత్తి నడుముకు చెక్కుకుని చెట్టెక్కాడు. తూర్పు కొమ్మ మీద కూర్చుని దాని మొదట్లో నరకడం మొదలుపెట్టాడు. ఆయన కూర్చున్నది కొమ్మ చివరి వైపు అని కింద నుంచి చూసిన వాళ్ళందరికీ తెలుసు. చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. మా నాయన వచ్చి చెప్పాడు, రాళ్ళతో. మొదటి రాయి చిన్నాయన మోకాలికి తగిలింది. చిన్నాయన మచ్చుకత్తి విసిరాడు. అది నాయన భుజం చెక్కుకుంటూ పోయి గట్టులో దిగబడింది. నాయన చొక్కా చేయి మొత్తం ఎర్రగా అయింది. ఇంకో రాయి. అది సరిగ్గా నోటికి తగిలింది. చిన్నాయన కొమ్మ మీద నుంచి, అందరూ అనుకున్నట్టు కొమ్మతో సహా కాకుండా, ఒక్కడే కిందికి వచ్చాడు. కొమ్మ అట్లాగే ఉంది. దానికి ఆ సాయంత్రం జరిగిన ఏకైక నష్టం ఒక గాటు.

ఊర్లో ఉన్నది ఒకే ఆటో. ఇద్దరినీ అందులోనే ఎక్కించాం. నడుమ నేను. నాయన భుజం నెత్తురు నా కుడిచేతి మీద, చిన్నాయన నోటి నెత్తురు ఎడమచేతి మీద. ఇద్దరూ నా మీదుగా ఒకరి జుట్టు ఒకరు అందుకోవడానికి చూస్తున్నారు. ఆటో అతను అద్దంలో చూసి "అన్నా, సీటు కవరు కొత్తది" అన్నాడు.

కుట్లు వేయించుకుని పెనుకొండ టేసనుకు పోతే ఎస్సై తల ఎత్తాడు.

"ఏం గొడవ? గెట్టు తగాదానా?"

"కాదు సార్" అన్నాను. వాళ్ళిద్దరూ మాట్లాడే స్థితిలో లేరు. "నీడ."

"ఏం నీడ?"

"చెట్టుది సార్. చెట్టు మాది. నీడ వాళ్ళ చేన్లో పడుతుంది."

ఎస్సై పెన్ను కింద పెట్టాడు. రాసుకునే కానిస్టేబుల్ వైపు చూశాడు. "నీడకు ఏం సెక్షన్ పెడతావయ్యా?" కానిస్టేబుల్ నిజంగానే ఆలోచించాడు. "అక్రమ ప్రవేశం పెట్టొచ్చు సార్, పొద్దు మునిగేలోపల" అన్నాడు. ఆ రోజు అక్కడ నాకన్నా జోకు బాగా వేసినవాడు ఆయనొక్కడే. చిన్నాయనకు ఆ మాట చాలా నచ్చింది. "అదే సార్, అదే" అన్నాడు పళ్ళు లేని చోటి నుంచి. తర్వాత ఎక్కడికి పోయినా "పోలీసోళ్ళే చెప్పినారు, అది అక్రమ ప్రవేశమని" అని చెప్పుకునేవాడు.

కత్తి పని జరగలేదు కాబట్టి ఇంగువ పట్టుకున్నాడు. చెట్టుకు రంధ్రం చేసి ఇంగువ కూరితే చెట్టు నిలువునా ఎండిపోతుందని మా వైపు నమ్మకం. ఎవరూ ఎండిపోయిన చెట్టును చూడలేదు, నమ్మకం మాత్రం ఎండలేదు. చిన్నాయన డ్రిల్లు పెట్టి తన వైపు మొద్దుకు రంధ్రాలు చేసి ఇంగువ ముద్దలు కూరి పైన బురద పూశాడు. చెట్టుకేమీ కాలేదు. ఆ ఏడు ఇంకొంచెం ఎక్కువే కాసింది. గాలి తోలినప్పుడల్లా ఊరంతా చారు వాసన. చింతపండు ఉంది, ఇంగువ ఉంది, ఇంక ధనియాలు తెచ్చి వేర్లలో పోస్తే పొయ్యి ముట్టించుకోవచ్చు అని నేను అన్న మాట ఆయన దాకా పోయింది. దాని ఫలితం ఇప్పటికీ చలికాలంలో నా ఎడమ మోచేయిలో పలుకుతుంది.

తర్వాత వ్యవసాయాధికారి మేడమ్ చేన్లకు వచ్చింది. చిన్నవయసు, ఓపిక ఉన్న మనిషి. నీడ పట్టీ అంతా తిరిగి, రెండు చోట్ల మొక్కలు పీకి పక్కపక్కన పెట్టి చూసింది. "నీడ ఒక్కటే కాదు పెద్దాయనా. పైన నీడ వెలుతురు ఆపుతుంది, కింద వేర్లు మీ పైరు తాగాల్సిన నీళ్ళు తాగేస్తాయి. ఈ పట్టీలో పశువుల గడ్డి వేసుకోండి, ఓర్చుకుంటుంది. లేదా మీరూ మీ అన్నా మాట్లాడుకుని ఏటా కాపు దించినాక కింది కొమ్మలు కొన్ని కొట్టించండి. చెట్టుకూ మంచిదే, పైరుకూ మంచిదే. ఇద్దరికీ మంచిది."

ఇద్దరికీ మంచిది అన్న మాట ఇద్దరికీ నచ్చలేదు. అందులో చిన్నాయనకు ఎక్కింది వేర్లు ఒక్కటే. "అంటే నాకు తెలియకుండా కింద కూడా దొంగతనం జరుగుతాండాదా మేడమ్?" అని అడిగి, జవాబు వినకుండా పార తెచ్చుకోవడానికి పోయాడు. గట్టు పొడుగునా మనిషి లోతు కందకం తవ్వాడు. అడ్డమొచ్చిన వేరునల్లా గొడ్డలితో నరికి, నరికిన ముక్కలు మా ఇంటి ముందర కుప్ప పోశాడు, శత్రువు చేతులు తెచ్చి పోసినట్టు. అన్నం తింటున్న మా నాయన లేచి చూసి, ఆ కోపంలో నేరుగా చేనుకు పోయి, నేరుగా కందకంలో పడ్డాడు. కాలు విరిగింది.

కందకంలోంచి నాయన తిట్టిన తిట్లు పైకి వినబడేవి, మనిషి కనబడేవాడు కాదు. చిన్నాయన అంచున నిలబడి కిందికి చూశాడు. "నీడగా ఉండాదా అన్నా?" అని అడిగాడు. తర్వాత దిగి, వీపు మీద ఎత్తుకుని పైకి తెచ్చింది కూడా ఆయనే. నాయన ఆ వీపు మీద నుంచే ఆయన చెవి కొరికాడు. మా ఇంట్లో ఇట్లాంటి సన్నివేశాలకు కన్నీళ్ళు పెట్టుకుందామని ఎవరైనా సిద్ధపడేలోపల ఇట్లాంటిదేదో అవుతుంది.

ఆయనను ఆఖరుసారి చూసింది హిందూపురంలో. గుండె బాగాలేదని ఆస్పత్రిలో పెట్టారు. ఆయన మంచం కిటికీకి దూరంగా ఉంది. కర్టెన్ తియ్యమని నర్సును, మంచం జరపమని వార్డుబాయిని తిట్టి తిట్టి అలిసిపోయి ఉన్నాడు. నన్ను చూసి మొదటి మాట: "పైరు ఎట్లుండాది?"

"ఊడలు దిగుతాండాయి చిన్నాయనా. బాగుండాది."

"చెట్టు కింద?"

"చెట్టు కింద నా మాదిరే ఉండాది."

ఆయన పక్కనున్న స్టీలు గ్లాసు తీసి నా మీదికి విసిరాడు. అది నాకు అంత దూరంలో పడి, దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది. ఎన్నో ఏళ్ళుగా ఆయన విసిరినవి నేను చూస్తున్నాను. గురి తప్పగా చూడలేదు. ఆయన బతకడని నాకు డాక్టరు చెప్పకముందే తెలిసింది. గ్లాసు తీసి మళ్ళీ ఆయన చేతికి అందేంత దగ్గరలో పెట్టి వచ్చాను.

మా వాళ్ళలో సొంత చేన్లోనే పూడుస్తారు. పాడె గట్టు దగ్గరికి వచ్చాక గానీ ఎక్కడ అన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు. చేనంతా పైరు, ఊడలు దిగి కాయ కడుతున్న పైరు. చిన్నమ్మ తమ్ముడు అన్నాడు, "చెట్టు కింద ఎట్లాగూ కాయదు. ఆడ తవ్వితే పైరు పాడుకాదు." లెక్క ప్రకారం సరైన మాటే. ఇంకొకరు "ఆ నీడలోనా? ఆయప్ప లేచొచ్చి కొడతాడు" అన్నారు. మా నాయన కుంటుకుంటూ ముందుకొచ్చి "నా చెట్టు కిందనే పెట్టండి, నా తమ్మున్ని నేను చూసుకుంటా" అన్నాడు.

చిన్నమ్మ తమ్మునికి ఎక్కడో కాలింది. తానే చెప్పిన చోటే అని మరిచిపోయి నాయన చొక్కా పట్టుకున్నాడు. "బతికినన్నాళ్ళూ మా బావ మీద నీడ తోలినావు. సచ్చినా తోల్తావా?" అని నాయన చెంప పగలగొట్టాడు. పాడె మోస్తున్నవాళ్ళలో ఇద్దరు మా వైపు, ఇద్దరు వాళ్ళ వైపు. పాడె కిందికి దించి నలుగురూ కలబడ్డారు. కొట్లాట సున్నపురాళ్ళ మీద పడి దొర్లింది. ఒకరి తల ఒక రాయికి కొట్టుకుని రాయి ఎర్రబడింది. పలకలు కొట్టేవాళ్ళు ఆపలేదు. ఆ దరువు దీనికీ సరిపోయింది. పూలదండ వేసుకుని పడుకున్న చిన్నాయన ఒక్కడే ఆ చేన్లో ప్రశాంతంగా ఉన్నాడు. చూడటానికి వింతగా ఉండింది.

ఎవరూ చూడనప్పుడు చిన్నమ్మ వాళ్ళ పక్క నుంచి నడుచుకుంటూ పోయింది. రాళ్ళు దాటి, చేను నడుమకు, నీడ ఏ కాలంలోనూ రాని చోటికి. కొంగు బిగించి వంగి వేరుశనగ చెట్లు పీకడం మొదలుపెట్టింది. రెండు చేతులతో, గుత్తులు గుత్తులు, పచ్చి కాయలు మన్నుతో సహా అటూ ఇటూ విసిరేస్తూ. పీకిన చోటు మనిషి పొడవుకు వచ్చేదాకా ఆగలేదు.

"ఈడ తవ్వండి."

"అక్కా, పైరు..." అన్నాడు తమ్ముడు ముక్కు తుడుచుకుంటూ.

"పైరు నాది. తవ్వు."

తవ్వారు. ఎండలో, మంచి పైరు నడుమ, ఆయనను పెట్టి మన్ను కప్పారు. అందరి తలలూ మాడిపోయాయి.

అప్పుడు మా నాయనకు పూనకం వచ్చింది. పాడెకు వెదుళ్ళు కొట్టిన గొడ్డలి అక్కడే ఉంటే అందుకుని, కుంటుకుంటూ చెట్టు దగ్గరికి పోయి, పాత గాటు ఉన్న ఆ తూర్పు కొమ్మ మీద ఏటు వేశాడు. ఏడుస్తూ ఇంకో ఏటు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పెద్దవాళ్ళు "అన్నదమ్ములు, ఎంతైనా" అన్నారు. నేను కూడా కళ్ళు తుడుచుకున్నాను. కాదనను.

చిన్నమ్మ మన్ను చేతులతో వచ్చి ఆయన వెనక నిలబడింది.

"ఆ కొమ్మ మీద ఇంకో ఏటు పడితే నీ చెయ్యి నరుకుతా బావా."

నాయన గొడ్డలి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. "వాని కోసమేనమ్మా. వాని మీద నీడ పడకుండా..."

"ఆయప్పకు ఎండ ఇచ్చినా కదా. పోయి చూడు, నిండా ఉండాది." ఆమె గొంతులో ఏడుపు లేదు. "ఇది నాకు ఇడిసిపెట్టు."

అని ఆయనను దాటి నీడలోకి వచ్చింది. మోకాళ్ళెత్తు పెరిగిన ఆ పచ్చటి పైరును రెండు కాళ్ళతో తొక్కి చాప మాదిరి అణిచి, దాని మీద కూర్చుంది. నెత్తి మీది కొంగు తీసేసింది. నెరిసిన జుట్టు చెమటకు తడిసి తలకు అంటుకుపోయి ఉంది. కళ్ళు మూసుకుని గాలి పీల్చింది.

కలుపుకు వచ్చే ఆడవాళ్ళు రాళ్ళ దగ్గర నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఏం చూస్తాండారు, రాండి" అంది చిన్నమ్మ కళ్ళు తెరవకుండానే. ఒకామె అడుగు పెట్టింది. తర్వాత అందరూ వచ్చారు. పైరు విరిగిన చప్పుడు మెత్తగా వినబడింది.

మా నాయన ఒక్కడే గొడ్డలి పట్టుకుని ఎండలో నిలబడి ఉన్నాడు. వాచిన చెంపతో, ఎక్కడ చూడాలో తెలియక.

చిన్నమ్మ పక్కన చోటు చేసి, అరచేత్తో నేల తట్టింది.

"కూసో బావా. నీ నీడే కదా."